భావకుడా, కొనుగోలుదారుడా? – ‘మాస్ ఎఫెక్ట్ 3’ ముగింపు వివాదంలో రూపకర్తలు, అభిమానులు

వ్యాససంగ్రహం

వీడియో గేమ్‌ల రూపకర్తలకూ, వాటిని విమర్శించే అభిమానులకూ మధ్య తలెత్తే ఘర్షణను వినియోగదారుల అసంతృప్తిగానో, అభిమానుల ఆగడంగానో చూడటం పరిపాటి. 2012లో విడుదలైన ‘మాస్ ఎఫెక్ట్ 3’ ముగింపుపై చెలరేగిన వివాదం ఆధారంగా, ఆ ఘర్షణలో సాహిత్య విమర్శకు చెందిన అంశం ఎంత ఉందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నాట్యశాస్త్ర సంప్రదాయంలోని నిర్వహణ సంధి భావనను, రాజశేఖరుడి భావక విభాగాన్ని ఇందుకు ఉపకరణాలుగా స్వీకరిస్తుంది. కృతికర్తకూ భావకుడికీ మధ్య ఉన్న బహుముఖ సంబంధాన్ని ఇరుపక్షాలూ ఒకే ముఖానికి కుదించుకోవడం వల్లనే ఈ వివాదం పరిష్కారానికి నోచుకోలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, అభిమాని, భావకుడు, నిర్వహణ సంధి, రాజశేఖరుడు, మాస్ ఎఫెక్ట్, కర్తృత్వం.

1. ఉపోద్ఘాతం

1893లో ఆర్థర్ కానన్ డాయిల్ ‘ది ఫైనల్ ప్రాబ్లమ్’ కథలో షెర్లాక్ హోమ్స్ మరణించినట్లు రాసినప్పుడు పాఠకులు నిరసన తెలిపారు. 1903లో ‘ది ఎంప్టీ హౌస్’ కథతో హోమ్స్ తిరిగి వచ్చాడు. రచయిత నిర్ణయాన్ని పాఠకులు అంగీకరించకపోవడం కొత్త విషయం కాదని చెప్పడానికి ఈ ఉదాహరణను తరచుగా చూపుతారు. అయితే హోమ్స్ ఏ దారిన నడవాలో, ఎవరిని నమ్మాలో ఆ పాఠకులు ఎన్నడూ నిర్ణయించలేదు. కథనం ప్రధానంగా ఉన్న వీడియో గేమ్‌లలో ఆడేవారు అటువంటి నిర్ణయాలు తీసుకుంటారు. కథ తమ చేతుల మీదుగా నడిచిందన్న భావన వారికి కలుగుతుంది. అందువల్ల ముగింపు పట్ల వారి అభ్యంతరానికి పాఠకుల అభ్యంతరానికి లేని మరొక కోణం ఏర్పడుతుంది.

అభిమానులు కేవలం స్వీకర్తలు కారనీ, అర్థాన్ని నిర్మించేవారనీ హెన్రీ జెన్కిన్స్ 1992లో వెలువడిన ‘టెక్స్చువల్ పోచర్స్’ గ్రంథంలో వివరించాడు. అభిమానులలో తమలో తమకూ, అభిమానులకూ నిర్మాణ సంస్థలకూ మధ్య జరిగే పెనుగులాటను డెరెక్ జాన్సన్ 2007లో ‘ఫ్యాన్-ట్యాగనిజం’ అనే పేరుతో చర్చించాడు. జాన్సన్ చర్చ ప్రధానంగా అధికార సంబంధాలకు చెందినది. ఎవరి మాట చెల్లుతుందన్నది అందులోని ప్రశ్న. ప్రస్తుత వ్యాసం దానికి ముందు అడగవలసిన ప్రశ్నను అడుగుతుంది. అభిమానులు అన్న మాటలో విమర్శగా నిలబడగలిగింది ఏది?

2. ఆడేవారి ప్రమేయంతో పూర్తయ్యే పాఠం

కెనడాలోని ఎడ్మంటన్ కేంద్రంగా గల బయోవేర్ సంస్థ ‘మాస్ ఎఫెక్ట్’ శ్రేణిని రూపొందించింది. మొదటి భాగం 2007లో, రెండవది 2010లో, మూడవది 2012 మార్చిలో విడుదలయ్యాయి. ఈ మధ్యలో బయోవేర్ సంస్థ అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అధీనంలోకి వెళ్లింది. కథానాయక పాత్ర కమాండర్ షెపర్డ్. ఆ పాత్ర పురుషుడా, స్త్రీయా అన్నది మొదలుకొని ఎవరిని రక్షించాలి, ఎవరిని వదులుకోవాలి అన్నంతవరకు నిర్ణయాలు ఆడేవారివే. యాభై వేల సంవత్సరాలకు ఒకసారి వచ్చి, అభివృద్ధి చెందిన నాగరికతలన్నింటినీ తుడిచిపెట్టే ‘రీపర్లు’ అనే యంత్రజాతిని ఎదుర్కోవడం మూడు భాగాలకూ ప్రధాన ఇతివృత్తం.

ఈ శ్రేణి ప్రత్యేకత మరొకటి ఉంది. ఒక భాగంలో తీసుకున్న నిర్ణయాలు నమోదై తరువాతి భాగంలోకి వెంట వస్తాయి. మొదటి భాగంలో మరణించిన సహచరుడు మూడవ భాగంలో కనిపించడు. అతడు నిలవవలసిన చోట మరొకరు నిలుస్తారు. ఐదేళ్ల కాలంలో ఆడినవారు ఒక్కొక్కరు తమదైన ఒక పాఠాన్ని సిద్ధం చేసుకున్నారు. ఎస్పెన్ ఆర్సెత్ 1997లో ‘సైబర్‌టెక్స్ట్’ గ్రంథంలో ఇటువంటి రచనలను చర్చిస్తూ, పాఠంలో ముందుకు సాగడానికే పాఠకుడు అల్పం కాని శ్రమ చేయవలసి రావడాన్ని వాటి లక్షణంగా గుర్తించాడు. మూడవ భాగం విడుదలకు ముందు, ముగింపు ఏవో రెండు మూడు ఐచ్ఛికాలకు పరిమితమైనదిగా ఉండదని సారథ్యం వహించిన కేసీ హడ్సన్ ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు. ఆ మాట అభిమానుల ఆకాంక్షను మరింత పెంచింది.

విడుదలైన ఆటలో చివరి పది నిమిషాలు ఇలా సాగుతాయి. షెపర్డ్ ఎదుట బాలుడి రూపంలో ‘క్యాటలిస్ట్’ అనే కృత్రిమ మేధ ప్రత్యక్షమవుతుంది. రీపర్లను సృష్టించి నడుపుతున్నది తానేనని చెబుతుంది. సృష్టించిన యంత్రాలు సృష్టికర్తలపై తిరగబడటం అనివార్యమనీ, ఆ వినాశాన్ని నివారించడానికే ఈ సంహారచక్రమనీ వివరిస్తుంది. రీపర్లను నాశనం చేయడం, అదుపులోకి తీసుకోవడం, జీవులనూ యంత్రాలనూ సమ్మేళనం చేయడం అన్న మూడు మార్గాలను ముందుంచుతుంది. ఏది ఎంచుకున్నా దాదాపు ఒకే దృశ్యం ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో కనిపించి ఆట ముగుస్తుంది.

3. ముగింపుపై ఆక్షేపణ: నిర్వహణ సంధి దృష్టి

రూపకంలో ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణ అనే ఐదు సంధులను నాట్యశాస్త్ర సంప్రదాయం చెబుతుంది. ముఖ సంధిలో బీజం పడుతుంది. తరువాతి సంధులలో అది మొలకెత్తి, కనబడుతూ మరుగవుతూ విస్తరిస్తుంది. అక్కడక్కడ చెదిరిన అర్థాలన్నీ నిర్వహణ సంధిలో ఒకే ప్రయోజనం కోసం కూడుకోవాలి. ధనంజయుడి దశరూపకం నిర్వహణను నిర్వచించినప్పుడు ప్రధానంగా చెప్పినది ఈ ఏకార్థతనే. సంస్కృత నాటకంలో దీనితోపాటు నాయకుడి ఫలప్రాప్తి కూడా అపేక్షితం. వీడియో గేమ్‌కు ఆ రెండవ నియమాన్ని వర్తింపజేయవలసిన అవసరం లేదు. విషాదాంతం నేటి కథనరీతులకు సహజమే. ఇక్కడ గ్రహించవలసింది ఏకార్థతను మాత్రమే.

ఈ దృష్టితో చూస్తే అభిమానుల ఆక్షేపణలలో అత్యంత బలమైనది గెత్, క్వేరియన్ జాతుల ఘట్టానికి చెందినది. క్వేరియన్లు తాము సృష్టించిన గెత్ యంత్రాలకు చైతన్యం కలుగుతున్నదని భయపడి వాటిని అంతం చేయబూనుతారు. ఆ యుద్ధంలో ఓడి స్వగ్రహాన్ని కోల్పోయి మూడు శతాబ్దాలు నౌకలలో తిరుగుతారు. ఈ బీజం మొదటి భాగంలోనే పడింది. రెండవ భాగంలో ‘లీజియన్’ అనే గెత్ పాత్ర సహచరుడు కావడంతో శత్రువుగా తోచిన జాతి వేదన తెలుస్తుంది. మూడవ భాగంలో ఆడేవారు గతంలో తగిన నిర్ణయాలు తీసుకొని ఉంటే రెండు జాతులకూ సంధి కుదర్చవచ్చు. సృష్టికర్తలూ సృష్టి కలిసి ఒకే నేల మీద నిలుస్తారు. ఇది సులభంగా లభించే ఫలితం కాదు. రెండు భాగాల పర్యంతం జాగరూకతతో ఆడినవారికే దక్కుతుంది.

ఆ తరువాత కొన్ని గంటలకే క్యాటలిస్ట్ వచ్చి, యంత్రాలకూ సృష్టికర్తలకూ సామరస్యం అసాధ్యమని చెబుతుంది. ఆ ఇద్దరినీ కలిపిన షెపర్డ్ తాను సాధించిన సంధిని ప్రస్తావించి ప్రశ్నించే అవకాశం విడుదలైన రూపంలో లేదు. ఆ సంధి తాత్కాలికమని క్యాటలిస్ట్ వాదించవచ్చు. ఆ వాదం సమంజసమూ కావచ్చు. కాని ప్రశ్నే వేయనివ్వకపోవడం వల్ల మొదటి భాగంలో పడిన బీజం చివరిలో ఫలించకపోగా, అసలు పడనట్లే అయింది. నాయక పాత్ర మరణించిందనో, ఆనందం కొరవడిందనో చేసిన అభ్యంతరాలకూ దీనికీ చాలా భేదం ఉంది. ఇది కథ తనకు తాను ఇచ్చుకున్న మాట తప్పిందన్న ఆక్షేపణ.

ఇతర ఆక్షేపణలు సంగతత్వానికి చెందినవి. చివరి యుద్ధంలో షెపర్డ్ వెంట భూమిపై ఉన్న సహచరులు అంతలోనే దూరంగా వెళుతున్న నౌకలో ఎలా కనిపించారు? అన్ని ముగింపులలోనూ నక్షత్రమండలాలను కలిపే ‘మాస్ రిలే’లు ధ్వంసమవుతాయి. ఒక రిలే ధ్వంసమైతే దాని పరిధిలోని సౌరమండలం మొత్తం నశిస్తుందని 2011లో వచ్చిన ‘అరైవల్’ అనుబంధ భాగం చూపింది. అటువంటప్పుడు షెపర్డ్ రక్షించింది ఎవరిని? ఇవి పూర్వాపర విరోధాన్ని పట్టుకునే ప్రశ్నలు. ప్రబంధ పాఠాన్ని పరిశీలించే విమర్శకుడు వేసే ప్రశ్నలకు ఇవి దూరమైనవి కావు.

4. నాలుగు విధాల భావకులు

రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను కారయిత్రి, భావయిత్రి అని రెండుగా విభజించాడు. మొదటిది కవికి, రెండవది భావకుడికి ఉపకరిస్తుంది. భావకులలో అరోచకి, సతృణాభ్యవహారి, మత్సరి, తత్త్వాభినివేశి అని నాలుగు విధాలను పేర్కొన్నాడు. సుమారు వెయ్యేళ్ల క్రితం చేసిన ఈ విభాగం నేటి అభిమాన సమాజాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతవరకు ఉపయోగపడుతుందో, ఎక్కడ చాలకుండా పోతుందో చూడటం ప్రయోజనకరం.

గడ్డితో సహా ఏది పెట్టినా తినేవాడు సతృణాభ్యవహారి. సంస్థ ఏది విడుదల చేసినా ప్రశంసించి, విమర్శించినవారిని ద్రోహులుగా చూసే అభిమాని ఈ కోవకు చెందుతాడు. రూపకర్తలకు ఇతడు ప్రియమైనవాడే గాని ఉపయోగపడేవాడు కాడు.

ఏదీ రుచించనివాడు అరోచకి. ఇక్కడ రాజశేఖరుడు చేసిన సూక్ష్మ విభజన గమనించదగింది. అరుచి కొందరికి స్వభావసిద్ధం, మరికొందరికి జ్ఞానజన్యం. మొదటిది ఎంత సంస్కరించినా పోదు. రెండవది విశిష్టమైన రచన ఎదురైనప్పుడు రుచిగా మారుతుంది. విమర్శించే అభిమాని సాధారణంగా ఈ రెండవ రకం అరోచకి. మొదటి రెండు భాగాలను ఎన్నోసార్లు ఆడి, వాటి మర్మం తెలిసినందువల్లనే మూడవ భాగం ముగింపు అతడికి రుచించలేదు. రూపకర్తలు ఇతడిని స్వభావసిద్ధ అరోచకిగా పొరబడటం తరచుగా జరుగుతుంది.

తత్త్వాభినివేశి వేలమందిలో ఒకడు. రచనలోని గూఢాభిప్రాయాన్ని వెదికి ఆస్వాదించేవాడు. ‘ఇండాక్ట్రినేషన్ సిద్ధాంతం’ పేరుతో అభిమానులు నిర్మించిన వ్యాఖ్యానం ఈ ప్రయత్నానికి ఉదాహరణ. రీపర్ల సమీపంలో ఉన్నవారి మనస్సు క్రమంగా వాటికి లోబడుతుందని కథలో ముందునుంచీ ఉంది. ముగింపు దృశ్యాలు షెపర్డ్ మనస్సులో జరిగే పెనుగులాట మాత్రమేనని ఈ వ్యాఖ్యానం చెబుతుంది. ఆరంభంలో మరణించిన బాలుడు కలలలో పదేపదే కనిపించడం, క్యాటలిస్ట్ అదే రూపం ధరించడం, ఒక ముగింపులో శిథిలాల మధ్య షెపర్డ్ ఊపిరి పీల్చడం దీనికి ఆధారాలు. రూపకర్తల ఉద్దేశం ఇదేనని నిరూపణ కాలేదు. అయినా నచ్చని పాఠాన్ని విడిచిపెట్టక, పాఠంలోని సూచనలతోనే దానిని నిలబెట్టడానికి చేసిన ఈ శ్రమ భావయిత్రీ ప్రతిభకు నిదర్శనం. అభిమాని రూపకర్తల కంటె రూపకర్తలను ఎక్కువగా నమ్మిన సందర్భమిది.

మత్సరి విషయంలో రాజశేఖరుడి విభాగం చాలదు. అతడు చెప్పిన మత్సరి ఇతరుల గుణాలు తెలిసీ మౌనం వహించేవాడు. నేటి ఆన్‌లైన్ వేదికలలో ద్వేషం మౌనంగా ఉండదు. 2012 ఫిబ్రవరిలో, అంటే మూడవ భాగం ఇంకా విడుదల కాకముందే, బయోవేర్‌లో ఇతర ఆటలకు పనిచేసిన ఒక రచయిత్రిపై తీవ్రమైన దూషణ సాగింది. పోరాట ఘట్టాలను దాటవేసే వీలుంటే బాగుంటుందని ఆమె 2006 నాటి ఇంటర్వ్యూలో అన్న మాట అందుకు నెపం. ఆమె స్త్రీ కావడం ఆ దూషణ స్వభావాన్ని నిర్ణయించింది. దీనిని భావకత్వంలోని ఒక భేదంగా లెక్కించడం పొరపాటు. ఇది భావకత్వానికి వెలుపలి విషయం. విమర్శకు కృతి లక్ష్యం, దూషణకు వ్యక్తి లక్ష్యం. ఒకే వేదికపై, ఒక్కొక్కసారి ఒకే వ్యక్తి మాటలలో, రెండూ కలగలిసి రావడం వల్ల రూపకర్తలు రెండింటికీ ఒకేవిధంగా చెవులు మూసుకునే పరిస్థితి ఏర్పడుతుంది. దూషించేవాడు రూపకర్తకు చేసే హాని ప్రత్యక్షమైనది. సద్విమర్శకు చేసే హాని పరోక్షమైనదే గాని చిన్నది కాదు.

5. రూపకర్తల సమాధానం: వ్యాఖ్యానమా, పాఠాంతరమా?

అభిమానుల నిరసన ‘రీటేక్ మాస్ ఎఫెక్ట్’ పేరుతో ఉద్యమరూపం పొందింది. ఆసుపత్రులలోని పిల్లలకు ఆటవస్తువులు అందించే ‘చైల్డ్స్ ప్లే’ అనే ధర్మసంస్థకు వారు 80,000 డాలర్లకు పైగా విరాళాలు సేకరించారు. ఆ సొమ్ము కొత్త ముగింపు కోసమని కొందరు పొరబడటంతో ఆ సేకరణ నిలిచిపోయింది. ఎరుపు, నీలం, ఆకుపచ్చ పూతలు పూసిన సుమారు 400 కప్‌కేకులను కొందరు బయోవేర్ కార్యాలయానికి పంపారు. రంగు ఏదైనా రుచి ఒక్కటే. ఒక పేజీ విమర్శ చేయగల పనిని ఆ చమత్కారం చేసింది. మరొకవైపు ఒక అభిమాని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాడు.

సంస్థ సహవ్యవస్థాపకుడు రే మ్యుజికా మార్చిలోనే బహిరంగ లేఖ రాశాడు. అభిమానుల స్పందన తమను ఎంతో బాధించిందని ఒప్పుకుంటూనే, బృందం కళాత్మక నిర్ణయాన్ని సమర్థించాడు. 2012 జూన్ 26న ‘ఎక్స్‌టెండెడ్ కట్’ ఉచితంగా విడుదలైంది. ముగింపును మార్చకుండా విశదీకరించడమే దాని ఉద్దేశమని సంస్థ ప్రకటించింది. సహచరులు నౌకలోకి ఎలా చేరారో చూపే దృశ్యం చేరింది. రిలేలు సమూలంగా నశించలేదని స్పష్టమైంది. ఆడేవారి నిర్ణయాలను అనుసరించి పాత్రల భవిష్యత్తును తెలిపే ఉపసంహార దృశ్యాలు చేరాయి. సంగతత్వానికి చెందిన ప్రశ్నలకు ఈ విధంగా సమాధానం దొరికింది. క్యాటలిస్ట్ మూలతర్కం మాత్రం మారలేదు. సంస్థ తన పనిని వ్యాఖ్యానమని చెప్పుకున్నా, చేసినది పాఠాంతరమే. 2021లో వచ్చిన ‘లెజెండరీ ఎడిషన్’లో ఈ విస్తృత రూపమే ప్రామాణిక పాఠంగా స్థిరపడింది. కొత్తగా ఆడేవారికి 2012 మార్చి నాటి పాఠం కనిపించదు. వివాదమే పాఠచరిత్రలో ఒక దశగా మారింది.

ఈ పాఠాంతరంలో చేరిన నాల్గవ మార్గం ప్రత్యేకంగా పరిశీలించదగింది. మూడు ఐచ్ఛికాలనూ షెపర్డ్ తిరస్కరించవచ్చు. క్యాటలిస్ట్‌పై కాల్పులు జరిపినా అది తిరస్కారంగానే పరిగణన పొందుతుంది. మొదటి రూపంలో విసిగిన అభిమానులు కాల్చినా ఏమీ జరగలేదు. ఇప్పుడు జరుగుతుంది. రీపర్లు గెలుస్తాయి, ఆ తరం నాగరికతలన్నీ అంతరిస్తాయి. వారు విడిచిన సమాచారంతో రాబోయే తరం ముక్తి పొందిందని మాత్రం తెలుస్తుంది. దీనికి రెండు అర్థాలు చెప్పవచ్చు. అభిమానుల తిరస్కారాన్ని కథలో ఒక గౌరవనీయమైన మార్గంగా అంగీకరించడం ఒకటి. తిరస్కరిస్తే మిగిలేది వినాశమేనని వారికి చెప్పడం రెండవది. రూపకర్తల మనోగతం ఏదైనా, రెండు అర్థాలకూ పాఠంలో అవకాశం ఉంది. రూపకర్తకూ అభిమానికీ మధ్య జరిగిన వాగ్వాదం ఇక్కడ కథలోనే ఒక ఘట్టమై నిలిచింది. ఈ నాల్గవ ముగింపును కేవలం సాంకేతిక సవరణగా భావించినవారు దీనిలోని విశేషాన్ని గుర్తించలేరు.

6. ఐదు సంబంధాలు, రెండు మాటలు

వివాదం పొడవునా రెండు మాటలు ప్రధానంగా వినిపించాయి. అభిమానుల పక్షాన ‘వినియోగదారుల హక్కు’, సంస్థ పక్షాన ‘కళాత్మక నిబద్ధత’. రెండూ అసలు ఆక్షేపణను దాటవేసేవే. వస్తువు మాట ప్రకారం లేదని ఫిర్యాదు చేస్తే దానికి న్యాయపరమైన సమాధానమే వస్తుంది. బ్రిటన్‌లోని ప్రకటనల ప్రమాణాల సంస్థ ఈ ఆట ప్రకటనలు తప్పుదోవ పట్టించేవి కావని 2012లో తేల్చింది. ఆ తీర్పుతో గెత్, క్వేరియన్ ఘట్టంపై లేవనెత్తిన ప్రశ్నకు సమాధానం రాలేదు, రావడానికి వీలూ లేదు. ‘కళాత్మక నిబద్ధత’ అన్న సమాధానం కూడా అటువంటిదే. కళ అని ఒప్పుకున్న తరువాతనే విమర్శ మొదలవుతుంది; ఆ మాటతో ముగియదు.

భావకుడు కవికి స్వామి, మిత్రుడు, మంత్రి, శిష్యుడు, ఆచార్యుడు అని రాజశేఖరుడు చెప్పాడు. ఒకే వ్యక్తిలో ఈ ఐదు సంబంధాలూ ఉండగలవన్నది అతడి అభిప్రాయం. సొమ్ము చెల్లించాం కనుక మార్చి తీరాలన్న అభిమానులు స్వామిత్వాన్ని మాత్రమే పట్టుకున్నారు. అర్థం కాలేదు కనుక విశదీకరిస్తామన్న సంస్థ వారిని శిష్యులుగా మాత్రమే చూసింది. అభిమానుల ఉత్తమ విమర్శలో కనిపించిన మంత్రిత్వాన్ని, అంటే హితమైన అప్రియాన్ని చెప్పే గుణాన్ని, స్వీకరించే స్థానం ఏ పక్షమూ ఏర్పరచలేదు.

ఇందుకు మరొక ఉదాహరణ కొంత భిన్నమైన ఫలితాన్ని చూపుతుంది. బ్రిటన్‌కు చెందిన హలో గేమ్స్ అనే చిన్న సంస్థ 2016 ఆగస్టులో ‘నో మ్యాన్స్ స్కై’ని విడుదల చేసింది. విడుదల కొన్ని వారాలు వాయిదా పడినందుకే సంస్థాధిపతి షాన్ మర్రేకు చంపుతామన్న బెదిరింపులు వచ్చాయి. విడుదలైన తరువాత, ముందు చెప్పిన అంశాలు కొన్ని లేవన్న సహేతుకమైన విమర్శ వచ్చింది. ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహంపై ఒకే చోటికి చేరినా ఒకరికొకరు కనిపించకపోవడం అందులో ప్రసిద్ధమైనది. సంస్థ చాలాకాలం మౌనం వహించింది. క్రమంగా ఉచిత విస్తరణలు ఇస్తూ, 2018 జూలైలో వచ్చిన ‘నెక్స్ట్’తో ఆటగాళ్లు కలిసి ఆడే సౌకర్యాన్ని సంపూర్ణంగా కల్పించింది. మాటలతో వాదించకుండా పనితో బదులిచ్చిన ఈ పద్ధతి ప్రశంసలు పొందింది. అయితే ఇక్కడి లోపం ఒక సౌకర్యం లేకపోవడం, చేర్చితే తీరింది. ‘మాస్ ఎఫెక్ట్ 3’ లోపం అర్థానికి చెందింది. దానిని చేర్పులతో పూరించలేరు, సంవాదంతోనే ఎదుర్కోవాలి.

7. ముగింపు

అభిమానుల కోరికపై ముగింపులు మార్చుకుంటూ పోతే ఏ రూపకర్తా సాహసించలేడన్న వాదంలో బలం ఉంది. అప్రియమైన ముగింపు రాసే స్వేచ్ఛ కృతికర్తకు ఉండితీరాలి. ఆ స్వేచ్ఛకు అభిమాని విమర్శ అడ్డు కాదు. ఒక ముగింపు అప్రియమని చెప్పడానికీ, అసంగతమని నిరూపించడానికీ గల భేదాన్ని ఇరుపక్షాలూ గుర్తించకపోవడమే అడ్డు.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• ‘మాస్ ఎఫెక్ట్ 3’ ముగింపుపై అభిమానులు చేసిన ఆక్షేపణలలో ముఖ్యమైనవి నిర్వహణ సంధి ఏకార్థతకు చెందినవి. వాటిని సాహిత్య విమర్శగానే పరిగణించాలి.

• విమర్శించే అభిమాని ఎక్కువగా జ్ఞానజన్యమైన అరుచి గల భావకుడు. అతడి అరుచికి మూలం కృతిపై గల ప్రేమ, పరిచయం.

• వ్యక్తులపై సాగే దూషణ భావకత్వంలో ఒక భేదం కాదు. దానిని విమర్శ నుంచి వేరుచేయడం రూపకర్తల రక్షణకూ, విమర్శ రక్షణకూ అవసరం.

• ‘ఎక్స్‌టెండెడ్ కట్’ సంగతత్వ లోపాలను తీర్చిందే గాని అర్థలోపాన్ని తీర్చలేదు. అయినా అందులోని నాల్గవ ముగింపు, వివాదాన్ని కథలోకి తెచ్చిన అరుదైన ఉదాహరణ.

వీడియో గేమ్‌లు ఆడుతూ పెరిగిన తరం ఇప్పుడు తెలుగు సాహిత్య తరగతి గదులలోకి వస్తున్నది. వారు ఒక ముగింపు గురించి గంటలకొద్దీ వాదించుకోగలరు. ఆ వాదనకు కావలసిన పరిభాష మన అలంకారశాస్త్రంలో సిద్ధంగా ఉంది. దానిని వారికి అందించగలిగితే, కొనుగోలుదారుడి కోపంగా బయటపడుతున్నది భావకుడి విమర్శగా రూపొందే అవకాశం ఉంది.